చప్పుళ్లు ఏరిపారేసే యంత్రానికి నా దీవెనలు

లోకంలో ఉన్న పనికిమాలిన చప్పుళ్లన్నిటిలోకీ పనికిమాలినది బ్యాగు జిప్పు చప్పుడు. దాన్ని చట్టం చేసి నిషేధించాలని నేను చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఇక ఆ అవసరం లేదు! చట్టం చేయలేని పనిని యంత్రం చేసి పెడుతోంది.

ఈ ముక్క రాయాలని నాకు తట్టినప్పుడు మా మనవరాలు నిలోఫర్ నడవలో కూర్చుని బ్యాగు సర్దుకుంటోంది. చుట్టచుట్టిన చుడీదార్లు ఒక పక్క, నేను పెట్టిచ్చిన ఊరగాయ సీసా ఇంకో పక్క, మధ్యలో చార్జర్ల చిక్కుముడి. జిప్పు సగం దాకా వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వెనక్కి పోతుంది. జర్రు! జర్రు! ఒక్కో జర్రుకూ నా గుండె ఊడి, మళ్లీ కొక్కేనికి తగులుకుంటుంది.

ఇంతకీ పిల్ల పోయేది ఎక్కడికి? శ్రీకాళహస్తిలో బస్సెక్కితే సూళ్లూరుపేట, అక్కడ లోకల్ రైలు పట్టుకుంటే చెన్నై. పొద్దున ఇక్కడ ఇడ్లీ తిన్న మనిషి మధ్యాహ్నం అక్కడ సాంబారన్నం తినొచ్చు.

కానీ నా లెక్కలు వేరు. బస్సు టైరు పేలొచ్చు. పిల్ల రైలు తలుపు దగ్గర నిలబడొచ్చు. ఫోనులో చార్జింగ్ అయిపోవచ్చు. ఊరగాయ సీసా మూత ఊడి, నూనె చుడీదార్లకు అంటి, ఆ దిగుల్లో దిగాల్సిన స్టేషను దాటిపోవచ్చు! నవ్వితే నవ్వుకోండి. నేను ముందుగా ఊహించిన ప్రమాదాల్లో ఇంతవరకూ ఒక్కటీ జరగలేదు. అందుకే అన్నీ ఊహిస్తాను.

నా పేరు రంజాన్‌బీ. మాది శ్రీకాళహస్తిలో దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు. నేను బడికి పోలేదు. దూది మూటలకు చుట్టి వచ్చే పాత పేపర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. కాబట్టి నా చదువంతా చింపిన ముక్కల చదువు. ఒక ముక్కలో దొంగ గోడ దూకి పారిపోయేవాడు. దొరికాడా లేదా అన్నది ఇంకో ముక్కలో ఉండేది. ఆ ముక్క ఇంకెవరి మూటకో చుట్టుకుని పోయేది! ఆ దొంగలు ఇప్పటికీ నా మనసులో పరిగెడుతూనే ఉన్నారు.

ఇంత చదువుకున్నదాన్ని కాబట్టే ఈ యంత్రం గొప్పతనం మీకు చెప్పే అర్హత నాకుందని అనుకుంటున్నాను.

నిలోఫర్ ఉద్యోగం చెన్నైలో ఒక ఆఫీసులో. మనుషులు మాట్లాడిన రికార్డింగులు వాళ్లకు కుప్పలుగా వస్తాయి. పాఠాలు, మీటింగులు, డాక్టర్ల సలహాలు. ఆ మాటల వెనక ఫ్యాను ఉంటుంది, కుక్క ఉంటుంది, లారీ హారను ఉంటుంది, పక్కింటి మిక్సీ ఉంటుంది. ఇదివరకు ఒక్కో రికార్డింగునూ విని, ఒక్కో చప్పుడునూ పట్టుకుని తీసేవారట. ఇప్పుడలా కాదు. అన్నిటినీ ఒక ఫోల్డరులో పోసి, బటన్ నొక్కి, టీ తాగడానికి పోతారు. తిరిగొచ్చేసరికి మాట ఒక పక్క, చెత్త ఒక పక్క!

"అంటే దూది ఏకడమే కదే!" అన్నాను.

"అదే జేజీ. కాకపోతే తుమ్ములు రావు" అంది.

చూశారా! మూడు తరాలుగా మా ఇంటిల్లిపాదీ ముక్కులో దూది, నోట్లో దూది, అన్నంలో దూదితో చేసిన పని ఇప్పుడు ఏసీ గదిలో జరుగుతోంది. ఇంతకంటే అభివృద్ధి ఏముంటుంది?

దీనివల్ల మా వీధికి ఇప్పటికే కలిగిన మేళ్లు చెబుతాను, వినండి.

మా ఎదురు వరసలో జయరావు కలంకారీ చీరల కొట్టు ఉంది. ఆయన కూతురి పెళ్లి వీడియోలో డోలు మోత మరీ ఎక్కువైందని, దాన్ని కొంచెం తగ్గించమని నిలోఫర్‌ను అడిగాడు. పిల్ల వీడియోను యంత్రంలో వేసింది. యంత్రానికి గట్టిమేళమంటే ఏం తెలుసు? మొత్తం ఊడ్చేసింది! తాళి కట్టే ఘడియలో గట్టిమేళం ఎందుకు వాయిస్తారో మన పెద్దలకు తెలుసు. తుమ్ములూ అపశకునపు మాటలూ ఎవరి చెవినా పడకూడదని. ఇప్పుడా మేళం లేదు. పెళ్లికొడుకు మూడు ముళ్లు వేస్తుండగా వెనక నుంచి గంట కొట్టినట్టు రెండే మాటలు వినిపించాయి. ఒకటి, "సాంబారులో ఉప్పే ల్యా." రెండోది, "పిల్లోడి జుట్టు సొంతమేనా, పెట్టుడా?"

రెండోది అన్నది పెళ్లికూతురి సొంత మేనత్త! ఇన్నాళ్లూ జయరావుకు తన మీద ఎవరికి ఎంత ప్రేమో తెలియదు. ఇప్పుడు తెలిసింది. బంధుత్వాలు ఏకిన దూదిలా తేటపడ్డాయి. ఇది మేలు కాదా?

పక్కింటి చంద్రకాంతమ్మ సంగతి ఇంకా గొప్పది. ఆమె యాభై దాటాక సంగీతం మొదలుపెట్టింది. తాను పాడిన కీర్తనలన్నీ ఫోనులో దాచుకుంది. వెనక ఫ్యాను చప్పుడు పోవాలంది. యంత్రం ఫ్యానును తీసేసింది, దాంతోపాటు శ్రుతిపెట్టెను కూడా తీసేసింది! రెండూ ఆగకుండా "మ్‌..." అంటూనే ఉంటాయి కదా, దానికి రెండూ ఒకటే. శ్రుతి అండ లేకుండా చంద్రకాంతమ్మ గొంతు ఒంటరిగా నడిరోడ్డు మీద నిలబడింది. ఆ రికార్డింగును ఆమె ఒక్కసారే విన్నది. ఆ రోజు నుంచి మా వీధిలో తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంది. యంత్రం ఒక చప్పుడును తీస్తే అది రికార్డింగులోంచే కాదు, లోకంలోంచే పోతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఒక నాయకుడి సభ రికార్డింగు కూడా వచ్చిందట. ఏ పార్టీ అని అడక్కండి, నాకు పెన్షన్ రావాలి. చప్పట్లు, ఈలలు, బాణసంచా, జేజేలు అన్నీ తీసేశాక, అసలు ప్రసంగం కూడా ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా మోత మోగుతోందని యంత్రం దాన్ని కూడా జనరేటరు లెక్కలో వేసి తీసేసిందట. చివరికి మిగిలింది మైకుసెట్టు పెంచలయ్య గొంతు ఒక్కటే. "హలో... చెక్... చెక్... వినపడతా ఉండాదా?" ఆ సభలో జనాన్ని నిజంగా ఏదైనా అడిగినవాడు అతనొక్కడే అని నిలోఫర్ అంటుంది.

ఇక మా ఇంటి సంగతి. నిలోఫర్ చెవుల్లో తెల్లటి బుడిపెలు పెట్టుకుంటుంది. వాటిలో కూడా ఈ యంత్రమే ఉందట, చిన్న సైజులో. మొన్న దోసె ఇంకోటి వెయ్యనా అని పెనం దగ్గర నుంచి అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. దోసె మాడింది. తర్వాత అడిగితే, "సారీ జేజీ, నాయిస్ అనుకునిందేమో" అంది.

నన్నే! ఈ ఇంట్లో మెట్టెల చప్పుడును బట్టి ఎవరు వస్తున్నారో చెప్పగలిగిన నన్ను, యంత్రం ఫ్యాను పక్కన కూర్చోబెట్టింది! మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. ఎంత హాయి! ఇకపైన నేనేమన్నా ఎవరికీ బాధ ఉండదు. కోడలి మీద చాడీలు కోడలి ముందే చెప్పుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. వెళ్లే ముందు నాకొక బహుమతి ఇవ్వాలనుకుంది నిలోఫర్. మా పాత క్యాసెట్లన్నిటినీ ఒకేసారి యంత్రంలో పోసింది.

ఆ క్యాసెట్ల కథ చెప్పాలి. మా ఆయన నాయబ్ రసూల్ కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా ఉండేవాడు. ఆయనకు చదువు రాదు. ఉత్తరం రాస్తే ఇంకొకరి చేత చదివించుకోవాలి, మొగుడూ పెళ్లాల మాటలు గదిలో ఉన్న పదిమందికీ పంచాలి. అందుకని క్యాసెట్టు. మా పక్క నుంచి ఎవరు కువైట్ పోతున్నా వాళ్ల పెట్టెలో ఒక క్యాసెట్టు దూర్చేవాళ్లం. ఆ రోజుల్లో మా వీధిలో సగం కాపురాలు రీళ్ల మీదే నడిచాయి.

నేనప్పుడు పుట్టింట్లో, అంటే ఈ ఇంట్లోనే ఉండేదాన్ని. రికార్డింగు రోజు ఇంట్లో పండగే. దానికొక వరస ఉండేది. మొదట మా నాయన. ముఖం కడుక్కుని, టోపీ పెట్టుకుని, అల్లుడు ఎదురుగా కూర్చున్నట్టు టేపు రికార్డరు ముందు కూర్చునేవాడు. తర్వాత అమ్మ. తర్వాత మా అబ్బాయి షానవాజ్, అంటే ఈ నిలోఫర్ నాన్న, ఎక్కాలు ఒప్పజెప్పేవాడు. చివర నేను. అందరూ చుట్టూ కూర్చుని ఉంటే మొగుడితో ఏం మాట్లాడతాను? మేక ఈనిన సంగతి చెప్పేదాన్ని. మేక మూడుసార్లు ఈనింది, ఆ మూడుసార్లూ ఎంత ప్రేమగా చెప్పానో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

మాట్లాడనివాడు ఒక్కడే, నా తమ్ముడు ఇలియాస్. టేపు రికార్డరంటే వాడికి సిగ్గు. మేమంతా నడవలో రికార్డింగులో ఉంటే వాడు పంచలో దూది ఏకుతూ ఉండేవాడు. దూదేకే విల్లును మీలో చాలామంది చూసి ఉండరు. మనిషి కంటే పొడుగు. దాని నారిని దూదిలో పెట్టి, చేతిలోని చెక్క గుండుతో కొడితే "టుంయ్" మని అదిరి, దూది పొగలా పైకి లేస్తుంది. మధ్యలో ఆపితే లేచిన దూదంతా గాలికి ఇంట్లోకి వచ్చి పడుతుంది. అందుకని వాడు ఆపేవాడు కాదు. నాయన తిట్టేవాడు. వాడు ఆపేవాడు కాదు.

పనికి పల్లెలకు పోయేటప్పుడు ఆ విల్లును భుజాన వేసుకునేవాడు. గడప దాటిన ప్రతిసారీ దాని కొన ద్వారబంధానికి తగిలి "టంగ్" మనేది. పోయేటప్పుడొక టంగ్, వచ్చేటప్పుడొక టంగ్.

"కాస్త వంగి పోరా, తలుపు ఊడొస్తాది" అనేది అమ్మ.

"నేను వంగుతా గానీ విల్లు వంగదు గదమ్మా" అనేవాడు.

కువైట్‌లో యుద్ధం వచ్చినప్పుడు మా ఆయన ఎడారులు దాటి, ఓడలెక్కి, విమానమెక్కి, గడ్డంతో ఇంటికి చేరాడు. తోటివాళ్లు తెచ్చుకోగలిగినవేవో తెచ్చుకున్నారు. ఈయన క్యాసెట్ల పెట్టె తెచ్చుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ఈ ఇంట్లోనే, తన మంచం మీదే పోయాడు. ఆయన తిరిగొచ్చినవాళ్ల లెక్కలో వాడు. షానవాజ్ ఇప్పుడు తిరుపతిలో ఫోము పరుపుల కొట్టు నడుపుతున్నాడు. ఫోము మంచిది. దానికి చప్పుడుండదు.

టేపు రికార్డరు చెడిపోయాక ఆ పెట్టె అటకెక్కింది. పోయిన ఏడాది తిరుపతిలో ఒకాయన వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. రీళ్లు బూజు పట్టాయట. ఎక్కించేటప్పుడు కొన్ని తెగిపోయాయి, మిగిలినవాటిని ఆయనే పారేశాడు. పోతేనేం? కంప్యూటరులో ఉన్నాయి కదా!

నిలోఫర్ బుడిపెలు తీసి నా చెవుల్లో పెట్టింది. ఏమని చెప్పను! నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అల్లుడా, నాయబ్ రసూలూ, బాగుండావా? ఈడ మేమంతా బాగుండాము. వానల్లేవు."

ఎంత తేటగా ఉంది! గొంతులో జీర కూడా తెలుస్తోంది. బోరింగు చప్పుడు లేదు, కాకి లేదు, రైలు కూత లేదు. తర్వాత నాయన గొంతు పెంచాడు.

"ఒరే ఇలియాసూ! ఆపరా ఆ సప్పుడు! మీ బావకు నా మాట ఇనపడొద్దా?"

నిశ్శబ్దం.

"ఆపతావా లేదా?"

నిశ్శబ్దం. అంతలో అమ్మ పడీపడీ నవ్వింది.

ఆలోచించండి. ఇల్లంతా చీమ చిటుక్కుమనకుండా ఉంది. అందులో ఒక పెద్దాయన గాలిని తిడుతున్నాడు. ఆయన భార్య దేనికో తెలియకుండా నవ్వుతోంది. కొత్తవాళ్లు వింటే మా వంశంలో పిచ్చి ఉందనుకుంటారు!

కాసేపటికి నాయన మళ్లీ అన్నాడు. "నువ్వు గూడా మీ బావకు ఏమన్నా సెప్పరా."

నిశ్శబ్దం.

"సాల్లే, సెప్పినావు లే."

ఇలియాస్ ఏం చెప్పాడో నాకు తెలుసు. నారి మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఎప్పుడడిగినా వాడి జవాబు అదే. కువైట్ నుంచి వచ్చే క్యాసెట్టులో మా ఆయన కూడా, "మీ తమ్ముడు బాగా మాట్లాడినాడు. అందరికంటే వాడి మాటే బాగా ఇనపడినాది" అని నవ్వేవాడు.

ఇదీ యంత్రం చేసిన మహోపకారం. ఎంత తిట్టినా వినని కొడుకు ఇన్నేళ్లకు తండ్రి మాట విన్నాడు. చప్పుడు ఆపాడు!

"ఇక్కడ ఇంకోటి వినపడాల కదే" అన్నాను నిలోఫర్‌తో, మామూలుగా అన్నట్టే.

"టుంయ్ టుంయ్ అనేదా? అబ్బా, మొత్తం రికార్డింగుల్లో అదే గోల జేజీ! దాన్ని తీసేదానికే రెండుసార్లు నడిపినా" అంది పిల్ల గర్వంగా. తప్పు తనది కాదు. ఇలియాస్ పేరు విన్నది, ఫొటో చూసింది. వాడి చప్పుడు ఎలా ఉంటుందో దానికెవరు చెప్పారు?

"ముందరివి ఉండాయా?"

"వాటి మీదనే సేవ్ చేసేసినా. లాప్‌టాప్‌లో జాగా యాడుంది?"

"మరి తీసిందంతా యాడికి పోయింది?"

"చెత్త ఫోల్డర్‌లో ఉండాది. రేపటికి దానంతటదే చెరిగిపోతాది. నువ్వేం దిగులు పడబాక."

అంటూ లాప్‌టాప్‌ను మూసి, చుడీదార్ల మధ్య పెట్టి, జిప్పు లాగింది. ఈసారి సగంలో ఆగలేదు. జర్రుమని చివరిదాకా పోయింది.

బయట ఆటో చిన్నబ్బ హారను కొట్టాడు. నిలోఫర్ నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "పోయొస్తా జేజీ" అని గడప దాటింది.

మా ఇంట్లో రెండు నియమాలున్నాయి. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. గడప దాటేవాళ్లను యాడికి అని అడగకూడదు. దాటినవాళ్లను వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే పోయిన పని చెడుతుంది, దారిలో కీడు తగులుతుంది. నేను టైరును నమ్మను, రైలును నమ్మను, ఊరగాయ సీసా మూతను నమ్మను. ఈ రెండిటినీ మాత్రం పుట్టినప్పటి నుంచీ నమ్మాను. నా కళ్లముందు ఈ గడప దాటినవాళ్లలో ఒక్కరినైనా అడిగి ఎరుగను, ఒక్కరినైనా పిలిచి ఎరుగను.

నిలోఫర్ ఒక కాలు ఆటోలో పెట్టింది.

"నిలూ!" అని అరిచాను.

వీధి మొత్తం తిరిగి చూసింది. యంత్రం కూడా ఆ కేకను ఫ్యాను అనుకుని ఉండదు.

"ఏమి రంజాన్‌బీ, నీకు మతి పోయిందా? బయలెల్లిన బిడ్డను ఎనకమాల పిలస్తావా?" అని గోడ మీద నుంచి తల పెట్టి చంద్రకాంతమ్మ కోప్పడింది. సంగీతం మానేశాక ఆమె గొంతు బాగా తేరుకుంది.

"బస్సు పోతాదవ్వా! ఆ బస్సు పోతే నాయుడుపేట దాకా గంగవెర్రులే" అన్నాడు చిన్నబ్బ.

నేను ఊహించిన ప్రమాదాల్లో ఇది లేదు, పిల్ల ప్రయాణానికి నేనే అడ్డం పడతానని! అయినా వెనక్కి తగ్గలేదు.

"ఆ చెత్త నాకిచ్చి పో."

"ఏం చెత్త?" అంది నిలోఫర్.

"యంత్రం తీసిన చెత్త. మొత్తం."

"దాంట్లో మాటలుండవు జేజీ. ఉత్త సప్పుడే."

"ఆ ఉత్తదే ఇయ్యి."

పిల్ల నా ముఖం చూసింది. ఆటో దిగింది. కీడు పోవడానికి లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, చెంబుడు నీళ్లిచ్చాను. తాగింది. బ్యాగు పక్కన పెట్టి జిప్పు తెరిచింది.

అయ్యలారా, అమ్మలారా! ఈ రచన మొదట్లో జిప్పు చప్పుడును తిట్టాను. ఆ ముక్కను వెనక్కి తీసుకుంటున్నాను. మూసేటప్పుడు వచ్చే చప్పుడు వేరు, తెరిచేటప్పుడు వచ్చే చప్పుడు వేరు. తెరిచేటప్పటి జర్రుకు సాటి వచ్చే సంగీతం ఈ జిల్లాలో లేదు.

నా ఫోనులోకి ఎక్కించడానికి కాసేపు పట్టింది. చిన్నబ్బ హారను మీద చెయ్యి తియ్యలేదు. ఆ చప్పుడు కూడా నాకిప్పుడు బాగానే ఉంది.

"ఎందుకు జేజీ ఇది?" అని అడిగింది నిలోఫర్ ఫోను నా చేతిలో పెడుతూ.

"అందులో మీ తాత ఒకడుండాడు. వచ్చినప్పుడు చెప్తా" అన్నాను. వచ్చినప్పుడు అన్న మాటను కాస్త గట్టిగానే అన్నాను.

"ఇప్పుడు నేను పోయొస్తా" అంది. అప్పుడు మిగిలిన ఆ ఒక్క నియమాన్ని కూడా తప్పాను. "యాడికి?" అని అడిగాను. "చెన్నైకి జేజీ, తాంబరం పక్కన, హాస్టలు అడ్రసు ఫోనులో పెడతా" అని చెప్పింది. ఆకాశం విరిగి పడలేదు. బస్సు కూడా తప్పలేదు, అదే ఆలస్యంగా వచ్చిందట. సాయంత్రానికి ఫోను చేసింది. ఊరగాయ సీసా మూత మాత్రం ఊడింది. అది నేను ముందే ఊహించాను కాబట్టి జరగకూడదు. నా సిద్ధాంతానికి ఇదొక్కటే దెబ్బ.

ఇప్పుడు ఆ చెత్తను వింటున్నాను. దానంత శుభ్రమైన రికార్డింగును నేనెప్పుడూ వినలేదు. ఎవరూ మాట్లాడరు. నాయన లేడు, అమ్మ లేదు, మేక కబుర్లు చెప్పే నేనూ లేను. బోరింగు కొడుతున్న చప్పుడు. రోట్లో పచ్చడి. రైలు. కాకి. ఆ కాకికి కూడా ఒక క్యాసెట్టులో సగం హక్కుంది. వీటన్నిటి మధ్య, తొందర లేకుండా, ఆగకుండా, టుంయ్... టుంయ్... ఇలియాస్ పని చేసుకుంటున్నాడు. ఆపమనేవాళ్లు లేరు.

కాబట్టి ఈ యంత్రాన్ని నేను మనస్ఫూర్తిగా దీవిస్తున్నాను. అది లేకపోతే ఇంతమంది మాటల కింద నుంచి వాణ్ని విడదీసి ఇచ్చేదెవరు? చేసినవాళ్లకు ఒక్కటే నా విన్నపం. మీ యంత్రానికి తెలిసింది ఒకటే నీతి. మైకు ముందు నోరు పెట్టి మాట్లాడేవాడు మనిషి, వెనక కూర్చుని పని చేసేవాడు చప్పుడు. ఇది యంత్రం కనిపెట్టిన నీతి కాదు, మేము నేర్పిందే. ఆ రోజుల్లో మా నడవలో కూడా అదే పద్ధతి. అయినా, వీలైతే ఆ ఫోల్డరు పేరు మార్చండి. అది కుదరకపోతే, దాన్ని చెరిపే ముందు ఇంట్లో ఉన్న ముసలివాళ్లను ఒక మాట అడిగేలా ఒక బటన్ పెట్టండి. మేము చెవుల్లో బుడిపెలు పెట్టుకోము. పిలిస్తే పలుకుతాము.

చివరి క్యాసెట్టు తాలూకు చెత్తలో బోరింగు చప్పుడు అయ్యాక ఒక "టంగ్" ఉంది. విల్లు కొన ద్వారబంధానికి తగిలింది. ఆ పొద్దున మేమంతా నడవలో రికార్డింగులో ఉన్నాము. నియమం ప్రకారం ఎవరూ యాడికి అని అడగలేదు. ఎవరూ వెనక నుంచి పిలవలేదు. నేను కువైట్ గురించి దిగులు పడుతున్నాను. పక్క పల్లెల గురించి ఏమీ ఊహించలేదు. తర్వాత నాయన వడమాలపేట మొదలు సూళ్లూరుపేట దాకా ఊరూరా తిరిగాడు. ఎవరిని అడగాలన్నా, వాడు ఏ దిక్కుకు పోయాడో మాకే తెలియదు.

నా తమ్ముడు ఇలియాస్ 1990 ఏప్రిల్‌లో దూది ఏకడానికి పోయాడు. తిరిగి రాలేదు.